కాస్తావా, కాయవా?

చెట్ల బొమ్మలు చూసి మనసులో మాట పట్టుకోవడం నా ఉద్యోగం. నవ్వేవాళ్ళు నవ్వండి. మా ఊళ్ళో సగంమంది వెనకాల నన్ను "చెట్ల జోస్యురాలు" అనే అంటారు, ఎదురుపడితే మాత్రం "సెన్సే, సెన్సే" అని, గురువుగారిని పిలిచినట్టు పిలిచి నడుం వంచుతారు. మొగామి నది ఎగువన, నాలుగైదు నెలలు మంచు కింద కూరుకుపోయే ఊరు మాది. అక్కడి ఆసుపత్రి మేడమీద, మెట్ల పక్క గది నాది. వచ్చినవాళ్ళ ముందు ఒక తెల్లకాగితం, మెత్తటి పెన్సిలు పెట్టి, "కాయలు కాసే చెట్టొకటి గీయండి" అంటాను. ఆ మాట పుస్తకంలో ఎలా ఉందో అలాగే అనాలి, అక్షరం మార్చకూడదని మాకు చదువు చెప్పినాయన ఒట్టేయించుకున్నంత పని చేశాడు. మనిషి బొమ్మ గీయమంటే ఎవరైనా ముస్తాబు చేస్తారు. చెట్టు దగ్గరికొచ్చేసరికి ఆ జాగ్రత్త ఉండదు. వేళ్ళు గీశారా, కొమ్మలు నరికేసి వదిలేశారా, మాను మీద మచ్చ ఎక్కడ పెట్టారు, ఇవన్నీ చూసి నేను నా మాట రాస్తాను.

సుజునోని ఫిబ్రవరిలో తీసుకొచ్చారు. తొమ్మిదేళ్ళ పిల్ల. బళ్ళో వాగుడుకాయని పేరు. అలాంటిది జనవరి నెల సగంలో ఉన్నట్టుండి మాట మానేసింది. గొంతులో లోపం లేదు, చెవిలో లోపం లేదు. చలికాలం కూలిపనికి ఊళ్ళో మగాళ్ళందరూ తోక్యో పోయినట్టే వాళ్ళ నాన్నా పోయాడు. వెంటబెట్టుకు వచ్చేది తల్లి చిగుసా. ఆ జనవరిలోనే ఆమెకి అయిదో నెల కడుపు పోయింది. ముఖం పాలిపోయి, మాట్లాడితే ఎక్కడ అరిగిపోతానో అన్నట్టు ఉండేది. ఇంట్లో ఇంకో మనిషి ఉంది, నాయనమ్మ ఉమెనో. ఆమె నోటికి జడిసి పోస్టుమాను ఉత్తరాలు గుమ్మంలో విసిరేసి పారిపోతాడని చెప్పుకుంటారు.

మొదటి రోజు నేను మామూలుగానే, "కాయలు కాసే చెట్టొకటి గీయమ్మా" అన్నాను.

పిల్ల తలెత్తి నన్ను చూసింది. ఇన్నేళ్ళలో ఎందరినో చూశాను గానీ, ఆ మాటకి అంతలా హడలిపోయినవాళ్ళని చూడలేదు. తర్వాత తల వంచుకుని గీసింది. మాను, కొమ్మలు. కొమ్మల వంకర చూస్తేనే అది సీమతునికి చెట్టని తెలిసిపోతోంది. వింతేం లేదు. ఆ నారింజరంగు వగరుపళ్ళు ఒలిచి, దండలు కట్టి, చూరుకి వేలాడదీసి ఎండబెట్టుకుని బతికే ఊరు మాది. మా దగ్గర కాయలు కాసే చెట్టంటే ఎవరైనా దాన్నే గీస్తారు. కానీ ఈ చెట్టుకి కాయ లేదు, ఆకు లేదు. మాను మీద, బాగా ఎత్తున, ఒక గాటు. పెన్సిలు పెట్టి అదే చోట రుద్ది రుద్ది కాగితం చిరిగిపోయింది. అప్పుడు పెన్సిలు వదిలేసి రెండు చేతులతో నోరు మూసుకుంది.

మళ్ళీ వారం అదే చెట్టు, మాను ఇంకా నల్లగా. ఆ పై వారం గాటు తెరిచిన నోరంత అయింది. బొమ్మలు ఇంటికి తీసుకెళ్ళే అలవాటు నాకు లేదు. అయినా అవి నా వెంటే వచ్చాయి. ముల్లంగి తరుగుతుంటే కత్తి కింద ఆ గాటు కనిపించేది. వంటింటి కిటికీలోంచి చూస్తే పక్కింటివాళ్ళ సీమతునికి మంచులో మోడై నిలబడి ఉంటుంది. ఏళ్ళ తరబడి దాన్ని చూస్తూనే అంట్లు తోముకున్న మనిషిని, ఆ నెలలో కిటికీకి తెర వేసేశాను. భయమేసింది, ఒప్పుకుంటాను. దేనికని అడిగితే అప్పుడు చెప్పలేకపోయేదాన్ని.

"సెన్సే," అంది చిగుసా ఓ రోజు గుమ్మం దగ్గర, గొంతు తగ్గించి. "మీ దగ్గరికొచ్చి వెళ్ళాక రెండ్రోజులు అన్నం ముట్టట్లేదు. పక్కలో కూడా నోటికి చెయ్యడ్డం పెట్టుకునే పడుకుంటోంది. తగ్గుతోందంటారా, ముదురుతోందంటారా?"

"లోపలున్నది బయటికి రావాలి కదమ్మా. వచ్చేటప్పుడు అలాగే ఉంటుంది," అన్నాను. పుస్తకం మాట. పుస్తకాలకేం, అవి అన్నం మానేసిన పిల్లలతో కాపురం చెయ్యవు.

మా పెద్ద డాక్టరు కువబారా ఆ మూడు బొమ్మలూ బల్లమీద పరిచి, కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. "మచ్చ పైనుంది. పైనుంటే ఈమధ్య తగిలిన దెబ్బ, అంతే కదా మీ లెక్క? ఆకు లేదు, కాయ లేదు. ఇంక సందేహమేంటి నెగిషిగారూ? ఆ ముసలావిడ చెయ్యి చేసుకుంటోంది."

"పిల్ల ఒంటిమీద చిన్న గీత కూడా లేదు."

"ఒంటిమీద లేకపోతే మాటల్తో కొడుతోంది. ఆవిడ నోరు మనకి తెలీదా? మగదిక్కు ఊళ్ళో లేదు, కోడలు నోరున్నా లేనట్టే. నేను శిశుసంక్షేమం వాళ్ళకి రాస్తున్నాను. నెలాఖరు దాకా చూద్దాం. ఈలోగా పిల్ల నోరు తెరిచి ఇంట్లో ఏం జరిగిందో చెబితే సరే. లేదంటే ఆ కొంపలోంచి తీసి యమగతలో పిల్లల హోములో పెట్టించేద్దాం. మీ సంతకం కూడా కావాలి."

"పిల్లని కోల్పోయిన తల్లి దగ్గర్నుంచి ఉన్న పిల్లని కూడా లాక్కుంటారా? గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే."

"అయితే మాట్లాడించండి," అన్నాడు. అలా అనడం చాలా తేలిక.

నాలుగోసారి సుజునో వచ్చి కూర్చుంది. పెన్సిలు ముట్టుకోలేదు. బయట కప్పుమీది మంచు జారి దభేలున పడింది, నేనే ఉలిక్కిపడ్డాను, పిల్ల కదల్లేదు. నేను ముందుకి వంగి, ఎప్పట్లాగే, "కాయలు కాసే చెట్టొకటి..." అన్నాను.

పిల్ల పెదవులు కదిలాయి. చప్పుడు లేదు. కానీ ఎదురుగా అంత దగ్గర కూర్చున్నదాన్ని, ఆ పెదవులు ఏమన్నాయో చూశాను. "కాయను" అన్నాయి.

నేనూ ఈ కొండల్లో పుట్టినదాన్నే. జనవరి మధ్యలో చిన్న కొత్తేడు పండగ వస్తుంది. ఆ పొద్దున ఇంటి పెద్ద చేగొడ్డలి పట్టుకుని పెరట్లో సీమతునికి చెట్టు ముందు నిలబడి, "కాస్తావా, కాయవా? కాయకపోతే నరికేస్తా!" అని గద్దిస్తారు. చెట్టు వెనక పిల్లలెవరో దాక్కుని, చెట్టు బదులు "కాస్తాను, కాస్తాను" అని పలుకుతారు. అప్పుడు మాను మీద గొడ్డలితో చిన్న గాటు పెట్టి, ఎర్ర అలసందలు వేసి వండిన బియ్యపు జావ ఆ గాటుకి తినిపిస్తారు. మంచుమీద నిలబడి పెట్టే గాటు కనక, మంచు కరిగాక చూస్తే అది ఎక్కడో ఎత్తున ఉంటుంది. నా చిన్నప్పుడు మా ఇంట్లో పలికేదాన్ని నేనే. చలికి కాళ్ళు కొయ్యబారి, త్వరగా కానిచ్చి జావ తాగుదామని ఒకటే తొందర.

ఇదంతా నాకు తెలుసు. తెలిసీ, ఆ గదిలో కూర్చుంటే మా పెరడు నాకు గుర్తు రాలేదు, పుస్తకమే గుర్తొచ్చింది. వారం వారం ఆ పిల్లని ఎదురుగా కూర్చోబెట్టుకుని నేను అడిగింది ఏమిటి మరి? కాస్తావా, కాయవా అనేగా! గొడ్డలొక్కటే తక్కువ. పెన్సిలు, కాగితం తీసేసి సొరుగులో పడేశాను. "చాలు తల్లీ, ఇంక ఇంటికి పో" అన్నాను.

ఆదివారం పొద్దున్నే బూట్లేసుకుని వాళ్ళింటికి వెళ్ళాను. ఉమెనో గుమ్మంలో మంచు తోస్తోంది. నన్ను చూసి పార నేలకి ఆనించింది.

"ఓహో, చెట్ల జోస్యురాలివి నువ్వేనా! రా, రా. పెరటినిండా చెట్లున్నాయి, అన్నిటికీ జాతకం చెప్పి పో."

"జాతకాలు తర్వాత పెద్దమ్మా. ఒక మాట అడగాలని వచ్చాను."

"అడగడానికే వస్తారు మీరంతా. మంచు తోసిపెట్టడానికి ఒక్కరూ రారు," అంది. అంటూనే లోపలికి తీసుకెళ్ళి, పొయ్యి పక్కన కూర్చోబెట్టి, టీ పోసి, ముల్లంగి ఊరగాయ ముక్కలు ముందు పెట్టింది. పొయ్యిమీద కోడలి కోసం జావ కుతకుతలాడుతోంది. చిగుసా ఓ పక్క కూర్చుని ఏదో కుడుతోంది. సుజునో కిటికీ కింద, మోకాళ్ళ మీద గడ్డం పెట్టుకుని ఉంది. పిల్ల ఎదురుగా అడగాలా వద్దా అని తటపటాయించాను. ఆ పిల్లకి తెలియనిది ఇందులో ఏముంది అనిపించింది.

"ఈ ఏడు పండగనాడు చెట్టుని అడిగారా?"

ఉమెనో చేతిలో టీ గిన్నె పెదవిదాకా వెళ్ళి ఆగిపోయింది.

"అడగకేం? మావాడు ఊళ్ళో లేడు కదా, గొడ్డలి నేనే పట్టుకున్నాను. ఇది చెట్టు వెనకాల నిలబడింది. కాస్తావా కాయవా అంటే..." ఆగింది. "కాయను అంది."

చిగుసా చేతిలో సూది ఆగింది. ఆ సంగతి ఆమెకి అప్పుడే తెలిసిందని ముఖం చూస్తే అర్థమైంది.

"నాకు ఒళ్ళు మండింది. పాపిష్టి నోరు, తిరగ చెప్పవే అన్నాను. చెప్పలేదు. ఎంత గదమాయించినా చెప్పలేదు. ఏం చెయ్యను? తంతు తంతేగా అని గాటు పెట్టేసి లోపలికొచ్చాను. ఆ జావ కలిపిన కర్రతోనే కోడలి నడుం మీద తట్టి, మగపిల్లాణ్ణి కనవే అన్నాను. అది మాత్రం తప్పా? నన్నూ తట్టారు, మా అత్తనీ తట్టారు."

"తర్వాత?"

"తర్వాత ఇంకేముంది. మూణ్ణాలుగు రోజులకే..." కోడలివైపు చూడకుండా చెయ్యి ఊపింది.

"అది జరిగిన రోజు పిల్లనేమైనా అన్నారా పెద్దమ్మా?"

"ఒక్క మాటంటే నా నాలుక పడిపోనీ! దాన్నేం అన్లేదు. ఇక్కడే కూర్చుని, పొయ్యిలోకి చూస్తూ, నాలో నేను అనుకున్నాను. చెట్టు కాయనంది, కాయలేదు అని."

"మనసులోనేనా, పైకా?"

ముసలావిడ గిన్నె కింద పెట్టింది. ముఖం కంది, తర్వాత ఆ ఎరుపంతా దిగిపోయింది. "నా మాట ఏనాడు లోపల ఆగింది గనక!" అంది చిన్నగా.

కిటికీ కింద పిల్ల రెండు చేతులూ నోటిమీదికి వెళ్ళాయి. నేను నోరు తెరిచాను. నీ మాటకీ అమ్మ కడుపుకీ సంబంధం లేదమ్మా, ఇలాంటివి నూటికి పది జరుగుతాయి, ఇలా ఏదో చెప్పబోయాను. చిగుసా చెయ్యెత్తి నన్ను ఆపింది. లేచి, గోడ పట్టుకుని గుమ్మందాకా నడిచి, రబ్బరు బూట్లలో కాళ్ళు దూర్చింది.

"ఎక్కడికే?" అంది అత్తగారు.

"అత్తయ్యా, గొడ్డలి తీసుకుని రండి."

"మతి పోయిందా? పండగ దాటి నెల దాటింది. పచ్చి ఒంటిదానివి, చలిగాలి తగిలితే..."

"రండి అన్నాను."

ఆ ఇంట్లో ఆ గొంతు ఎవరూ విని ఉండరు. ఉమెనో కిక్కురుమనకుండా లేచి, చూరు కింద వేలాడే చేగొడ్డలి తీసుకుంది. నేనూ బయటికి నడిచాను. పిల్ల అరుగు చివరిదాకా వచ్చి, గుంజ పట్టుకుని ఆగిపోయింది.

పెరట్లో అన్నిటికన్నా పాతచెట్టు అది. మంచుమీద అడుగులేసుకుంటూ చిగుసా మాను వెనక్కి వెళ్ళింది. మాను లావుగా ఉంది, ఆమె పీలమనిషి, అవతల మనిషున్న జాడే తెలియలేదు. ఇవతల, జనవరిలో పెట్టిన గాటు. సరిగ్గా ఆ పిల్ల గీసినట్టే ఉంది. జావ మరక ఎండి నల్లబడి ఉంది. బొమ్మల్లో చూసినప్పుడే భయపడ్డాను, ఇప్పుడు దాని ముందునుంచి రెండడుగులు వెనక్కి వేశాను.

"అడగండి," అంది చెట్టు వెనక గొంతు.

ఉమెనో పెదవులు తడుపుకుంది. "కాస్తావా... కాయవా? కాయకపోతే..." మిగతా మాట నోట్లోనే నలిగింది.

ఒక కొమ్మ మీంచి మంచు రాలింది.

"కాయను."

నాకు తెలిసిన చిగుసా గొంతు కాదు అది. లోతుగా, మెల్లగా ఉంది.

"ఈ ఏడు కాయను. వచ్చే ఏడు సంగతి నాకే తెలీదు. పొద్దంతా చెట్ల కింద, పొద్దుగుంకితే పళ్ళు ఒలవడం. వేళ్ళు పగిలి నెత్తురు కారుతుంటే, మగపిల్లాడు మగపిల్లాడు అని ఒకటే పాట. ఆయన మంచు పడకముందే పోయాడు, మంచు కరిగాక వస్తాడు. ఓ రోజు బావి దగ్గర కూర్చుని, ఇది పోతే బాగుణ్ణు అనుకున్నాను. అనుకున్నది నేను. తర్వాత మళ్ళీ కావాలనుకున్నాను, పేరు కూడా పెట్టుకున్నాను. కానీ ఆ రోజు అనుకున్నాను. పిల్ల అన్నది ఉత్త మాట. కాయనని ముందు అన్నది నేను. నరుకుతారా? నరకండి."

ఉమెనో కొయ్యలా నిలబడిపోయింది. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడానికి చెయ్యెత్తింది. చేతిలో గొడ్డలి ఉందన్న సంగతే ఆమెకి గుర్తు లేదు.

"నరకొద్దు!"

తుప్పుపట్టిన గొళ్ళెం తీసినట్టు వచ్చింది ఆ గొంతు. సుజునో మేజోళ్ళతోనే మంచులో పడుతూ లేస్తూ పరిగెత్తుకొచ్చి, చెట్టుకి వీపు ఆనించి, చేతులు రెండూ చాపి నిలబడింది. "నరకొద్దు నాయనమ్మా! కాయకపోయినా నరకొద్దు!"

"నరకడానికి నాకు చేతులెక్కడివే, పిచ్చిమొహమా!" ముసలావిడ గొడ్డలి దూరంగా విసిరేసి, మంచులో కూలబడి, మనవరాలి కాళ్ళు పట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. నాకు ఇంకేం కావాలి, ఆ పిల్ల నోరు తెరిచింది! కువబారా ఉత్తరం రేపు పొద్దున నా చేతులతో నేనే చింపేస్తాను.

ఉమెనో లేచింది. లోపలికి వెళ్ళి పొయ్యిమీది జావ గిన్నెలో పోసుకొచ్చింది. ఒక గరిటెడు ఆ గాటు మీద రాసింది. కాయనన్న చెట్టుకి జావ పెట్టడం నా జన్మలో చూడలేదు. తర్వాత గిన్నె పట్టుకుని, తల తిప్పుకునే, చెట్టు వెనక్కి చెయ్యి చాపింది.

"చెట్టు చెప్పింది, నేను విన్నాను. ఇక ఆ మాట ఈ ఇంట్లో ఎవరూ ఎత్తేది లేదు. తిను, చల్లారిపోతుంది."

అవతల నుంచి ఒక చెయ్యి వచ్చి గిన్నె అందుకుంది.

సుజునో నాయనమ్మ చొక్కా చెయ్యి పట్టుకుని లాగింది. "వాడికి కూడా పెట్టు నాయనమ్మా."

"ఎవరికే?"

"తమ్ముడికి. నేను కాయను అన్నప్పటి నుంచి చెట్టు వెనకే ఉన్నాడు. మళ్ళీ ఎవరైనా అడుగుతారేమో, ఈసారి తనే చెబుదామని చూస్తున్నాడు. నేను మాట్లాడితే మళ్ళీ వాడి బదులు నేనే చెప్పేసినట్టవుతుందని ఊరుకున్నాను." చిన్నపిల్లకి చెప్పినట్టు నిదానంగా, బొంగురు గొంతుతో చెప్పింది. "ఇదిగో, అమ్మ పక్కనే."

నేను నాలుగడుగులు పక్కకి వేసి చూశాను, చూడకుండా ఉండలేకపోయాను. చిగుసా చెట్టుకి ఆనుకుని, గిన్నె రెండు చేతుల్లో పట్టుకుని నిలబడి ఉంది. తల తిప్పి చూడలేదు. ఎవరికో చోటిచ్చినట్టు, కొంచెం పక్కకి జరిగింది.

"ఉండు, ఇంకో గిన్నె తెస్తాను," అని ఉమెనో ఇంట్లోకి వెళ్ళింది.